ఆడపడుచు సందు

తెనాలి మార్కెట్లో నా బల్ల దగ్గరికి వచ్చి, చేపని వేలితో నొక్కి చూసి, పులసేనా అని అడిగేవాళ్ళంటే నాకు ఒళ్ళు మండుతుంది. కళ్ళముందు వెండిలా మెరుస్తుంటే ఇంకా అడగడమేంటి? పైకి మాత్రం అవునండీ అంటాను. వ్యాపారం కదా. తరవాత ప్రశ్న నాకు ముందే తెలుసు. గోదావరిదా అంటారు. కాదండీ, మన రేపల్లె వైపుదే అంటే మొహం అదోలా పెడతారు. వడ్లమూడి నుంచి కార్లో వచ్చే లెక్చరరుగారొకాయన, మనవైపు పులసలెక్కడివమ్మా, మా చిన్నప్పుడే అయిపోయాయి అని నాకే పాఠం చెప్పబోయాడు. ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. చాలా కాలం లేవు. ఇప్పుడు వస్తున్నాయి. ఎలా వచ్చాయో, వచ్చి ఎంతదాకా పోయాయో ఆయనకి చెప్పలేదు. చెప్తే చేప కొనకుండా వెళ్ళిపోయేవాడు. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

నేను పుట్టింది రేపల్లెకి దిగువన, కృష్ణ పాయ ఒడ్డున ఉన్న ఒక పల్లెలో. మెట్టింది అదే పాయ మీద ఇంకా కిందికి, సముద్రపు గాలి మొహాన కొట్టే ఊళ్ళో. ఊళ్ళ పేర్లు రాసి రేపు రెండు చోట్లా మాట పడే ఓపిక నాకు లేదు కాబట్టి ఎగువపల్లె, దిగువపల్లె అంటాను. రెండూళ్ళలోనూ ఒకే కులం, ఒకే వేట, ఒకే గంగమ్మ. దిగువపల్లె మగవాళ్ళకి సముద్రమూ ఉంది, ఏరూ ఉంది. ఎగువపల్లెకి ఏరొక్కటే. అందుకే మా ఆడపిల్లల్ని ఎప్పుడూ కిందికి ఇచ్చేవాళ్ళు. ఏటికి ఎదురు వచ్చిన కోడలు దిగువపల్లె నుంచి ఒక్కతీ లేదు.

ఎర్రనీరు, అదే కొత్త వరద నీరు, వచ్చినప్పుడు మాత్రం కింది నుంచి పైకి వచ్చేది పులస. సముద్రంలో ఉన్నన్నాళ్ళూ దాన్ని ఇలస అంటాం, ఎవరూ పెద్దగా పట్టించుకోరు. వరద నీటి తియ్యదనం తగిలితే అది గుంపులు కట్టి ఏట్లోకి ఎక్కుతుంది, పైకి పోయి గుడ్లు పెట్టడానికి. ఎక్కేకొద్దీ ఒంట్లో ఉప్పు పోయి రుచి తేలుతుంది. అంటే ముందు దిగువపల్లె వాళ్ళ కళ్ళ పడుతుంది, తరవాతే మావాళ్ళకి. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి వాళ్ళు వలలు కట్టేస్తే ఎగువపల్లెకి మిగిలేది బురదనీళ్ళే.

అలా కట్టకూడదని పాతకాలం నుంచి ఒక కట్టుబాటు. ఎర్రనీరు దిగినప్పుడు రెండు ఒడ్డుల నుంచీ వచ్చే వలలు ఏటి నడుమ కలవకూడదు. ఒక పడవ పట్టేంత సందు వదలాలి. దాన్ని ఆడపడుచు సందు అనేవాళ్ళు. మేం ఆడపిల్లల్ని ఇచ్చాం, మీరు చేపకి దారి ఇవ్వండి అన్నది లెక్క. ఎగువపల్లె పిల్ల పెళ్ళిలో, తాళి కట్టే ముందు, పెళ్ళికొడుకు తండ్రి వల అంచుకి కట్టే సీసపు గుండొకటి తీసి పిల్ల తండ్రి చేతిలో పెట్టి, మీ దారికి అడ్డం వెయ్యం అనాలి. నా పెళ్ళిలో మా మామగారు అన్నాడు. సముద్రం మీద కేకలు వేసి వేసి బండబారిన గొంతు ఆయనది. పందిరి చివర వంట చేసేవాళ్ళకి కూడా వినబడింది. బాసికం కట్టుకుని మా ఆయన పక్కనే నిలబడి ఉన్నాడు. నేను ఓరకంట చూస్తూనే ఉన్నాను.

ఈ మాటని కాపాడింది మగవాళ్ళ మంచితనం అనుకుంటే పొరపాటు. మా అత్తగారూ ఎగువపల్లె పిల్లే. ఒక ఏడు మా మామగారు సందులోకి నాలుగు బారలు వల జరిపాడని తెలిసి ఆవిడ పొయ్యి వెలిగించలేదు. వీధిలో ఉన్న మిగతా ఎగువపల్లె కోడళ్ళు కూడా వెలిగించలేదు. అప్పట్లో ఆ ఊళ్ళో కాఫీ హోటలు కూడా లేదు. మధ్యాహ్నానికల్లా మగవాళ్ళంతా వెళ్ళి ఆ వల వెనక్కి జరిపించారు. ఆ కథ చెప్పి ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది.

నా పెళ్ళయిన కొన్నాళ్ళకి పాయకి అడ్డంగా కట్ట కట్టారు. రెండు పల్లెలకీ మధ్య, దిగువపల్లె పొలిమేరలో. పోటు వచ్చినప్పుడల్లా ఉప్పునీరు ఎగదన్ని వరిచేలు ఎర్రబడి చచ్చిపోతుండేవి, దాన్ని ఆపడానికి. రైతుల్ని నేనేమీ అనను, వాళ్ళ పొట్ట తిప్పలు వాళ్ళవి. కట్ట మాత్రం తలుపులు దించితే నీటిచుక్క కూడా ఎదురు రానంత బాగా కట్టారు. చేప సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. ఆ ఏడు ఎర్రనీటికి వచ్చిన పులసలన్నీ కట్ట కింద చేరి గోడకి తలలు కొట్టుకున్నాయి. దిగువపల్లె వాళ్ళు గంపలతో తోడుకున్నారు. మా ఇంట్లో కూడా వండాం. ఆ మరుసటేడు తగ్గాయి, తరవాత ఇంకా తగ్గాయి, తరవాత రాలేదు. పైకి పోయి గుడ్లు పెడితే కదా మళ్ళీ రావడానికి.

చేప రాకపోతే సందు ఎందుకు? అదీ పోయింది. పెళ్ళిళ్ళలో గుండు చేతిలో పెట్టడం మానేశారు. ఎవరూ వద్దనలేదు, ఎవరూ అడగనూ లేదు.

ఎగువపల్లె వాళ్ళు రొయ్యల చెరువుల మీద కాపలాకి పోయారు, నిజాంపట్నం బోట్ల మీద కలాసీలుగా పోయారు. మేమిద్దరం తెనాలి వచ్చి ఈ బల్ల పెట్టుకున్నాం. మా అన్నయ్య మాత్రం పడవ అమ్మనన్నాడు. జెల్లలూ చిన్నచిన్న రొయ్యలూ పట్టుకుంటూ కొన్నేళ్ళు నెట్టుకొచ్చాడు. అవీ పోయాక పడవని ఇంటి పక్క వేపచెట్టు కింద బోర్లించాడు. ఏటేటా ఎండాకాలంలో దానికి తారు పూసేవాడు. నీళ్ళలో దిగని పడవకి తారెందుకని ఊరంతా నవ్వింది. మా వదిన నవ్వలేదు. ఆమె రొయ్యలు వలిచే కంపెనీకి పోయేది. తెల్లవార్లూ ఐసులో నానిన రొయ్యల్ని వలిచి వలిచి ఆమె వేళ్ళ చివర్లు తెల్లగా పాచిపోయి ఉండేవి. అన్నం ముద్ద కలుపుకుంటే కారం మండి కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి, స్పూనుతో తినేది. ఒకసారి నా చేతులు పట్టుకుని, ఆ పడవ నీళ్ళలో దిగి నేను ఐసులో చెయ్యి పెట్టడం మానితే చాలమ్మాయ్, ఇంకేం వద్దు నాకు అంది. ఆమె అడిగింది అంతే. మేడలు అడగలేదు.

వేరే చోట్ల ఇలాంటి కట్టల పక్కనుంచి చేపలు ఎక్కడానికి దారులు కడుతున్నారని అన్నయ్య ఎక్కడో విన్నాడు. అప్పటి నుంచీ అదే పిచ్చి. జిల్లా మారి బాపట్ల దగ్గరయ్యాక మరీ ఎక్కువైంది. సోమవారం వచ్చిందంటే ఉతికిన చొక్కా వేసుకుని అర్జీ పట్టుకుని బాపట్ల బస్సెక్కేవాడు. కలెక్టరాఫీసులో ఎవరూ ఆయన్ని కసురుకోలేదు. విన్నారు, రాసుకున్నారు, మళ్ళీ రమ్మన్నారు. మళ్ళీ వెళ్ళాడు. అక్కడ చెట్టు కింద ఇడ్లీలమ్మే ఆవిడ కూడా, ఏం బాబాయ్, మీ చేపలకి రోడ్డు పడిందా అని పలకరించేదట. ఆ మాట ఫోన్లో నాకు చెప్పి తనే నవ్వేవాడు. నాకు నవ్వు రాక ఏడుపు వచ్చేది.

చివరికి ఎవరి పుణ్యమో ఒక ఇంజనీరుగారు ఆ పనికి వచ్చాడు. పని తెలిసిన మనిషి, ప్రేమ ఉన్న మనిషి. కట్ట పక్కనుంచి వంపులు తిరుగుతూ ఒక కాలువ కట్టించాడు. ఏటవాలుగా, ఒక్కో మెట్టు ఎక్కాక చేప ఆగి సేద తీరడానికి చిన్న మడుగు. పైనుంచి తియ్యని నీళ్ళు కింది మూతి దగ్గర ధారగా పడతాయి, ఆ ధార తగిలితే చేప తనే వెతుక్కుంటూ వస్తుందని మా అందరికీ విడమరిచి చెప్పాడు. నేను మనసులో నవ్వుకున్నాను. ఇన్నేళ్ళు రానిది ఈ సిమెంటు కాలువ కోసం వస్తుందా అనుకున్నాను.

వచ్చింది. కింద పెద్ద పాయలో, పెనుమూడి వైపు తిరిగే గుంపుల్లోంచి దారి తప్పి వచ్చాయో, గంగమ్మే పంపిందో నాకు తెలియదు. ఎర్రనీరు దిగిన ఉదయం అన్నయ్య ఫోన్ చేస్తే బల్ల మూసేసి రేపల్లె రైలెక్కాను. కాలువ గట్టు మీద రెండూళ్ళ జనమూ ఉన్నారు. కింది మడుగులో ఏదో తళుక్కుమంది. కాసేపు కనబడలేదు. తరవాత పై మడుగులో కనబడింది. నీటికి ఎదురుగా మొహం పెట్టి, తోక ఆడిస్తూ, అక్కడే నిలబడి ఊపిరి తీసుకుంటోంది. అలా ఆగి ఆగి, చివరి మెట్టు దాటి, కట్ట పైనున్న ఏట్లోకి జారిపోయింది. దాని వెనక ఇంకొకటి. మా అన్నయ్య తువ్వాలు మొహం మీద కప్పుకున్నాడు.

ఆ ఏడు వేపచెట్టు కింద పడవ నీళ్ళలో దిగింది. ఎక్కువేమీ దొరకలేదు, కానీ దొరికాయి. సగానికి పైగా వదిలేశారు కూడా, పైకి పోనివ్వండి, గుడ్లు పెట్టనివ్వండి అని. వదిన కంపెనీ మానేసింది. నాగులచవితికి వెళ్తే చేత్తో అన్నం కలుపుకుని తింటోంది. నేను ఆమె వేళ్ళ వంకే చూస్తున్నానని గమనించి చెయ్యి కొంగులో దాచుకుంది.

అంతటితో ఆగి ఉంటే నేను ఇది రాసేదాన్ని కాదు.

ఇంజనీరుగారు వెళ్ళిపోతూ దిగువపల్లె పెద్దలతో, ఇక దీని బాగోగులు మీవేనండీ అన్నాడు. ఆయన ఉద్దేశం చెత్త పడితే తీయండి, గట్టు తెగితే పూడ్చండి అని. వాళ్ళకి మాత్రం ఒకటే అర్థమైంది. మావైపు నీళ్ళు ఉండి, ఆ నీళ్ళలో చేప ఉండి, అవి ఒక ఊరివి అయితే, వాటికి వేలంపాట జరుగుతుంది. చెరువుకి పాట, మురుగు కాలువకి పాట, రోడ్డు పక్క మట్టి తీసిన గుంటలో వాన నీళ్ళు నిలిచినా పాటే. ఎవరు ఎక్కువ పాడితే ఆ ఏడు చేపలు వాళ్ళవి, డబ్బు గుడికి. ఇది ఎంత మామూలంటే, చేపల దారికి పాట పెడుతున్నామని చాటింపు వేసినప్పుడు ఊళ్ళో ఒక్కరికీ అందులో వింత కనబడలేదు. గంగమ్మ గుడికి శిఖరం లేవాలి, ఆ తల్లి పంపిన చేపే కదా అన్నారు. కట్ట తమ పొలిమేరలో ఉంది కాబట్టి ఎగువపల్లెని పిలవలేదు.

మా ఆయన తెనాలిలో ఉంటున్నా దిగువపల్లె పెద్దల్లో ఒకడు. పాటకి వెళ్తున్నానన్నాడు. పాడతావా అంటే చూద్దాం అన్నాడు. నాకు ప్రాణం లేచి వచ్చింది. బయటివాడి చేతికి పోకుండా తను పాడుకుని దారి అలా వదిలేస్తాడనుకున్నాను. నా మొగుడు మరీ అంత కానివాడు కాదు, మా నాన్న చేతిలో గుండు పెట్టిన మనిషి కొడుకు. ఆ పూట ఆయనకి ఇష్టమని పెసరట్లు వేసి, అల్లప్పచ్చడి నూరి, బస్సు దాకా వెళ్ళి ఎక్కించి వచ్చాను. తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

సాయంత్రం మెళ్ళో బంతిపూల దండతో వచ్చాడు. పాట ఆయనకే వచ్చింది. మంచినీళ్ళిచ్చి అడిగాను.

"వల వెయ్యవు కదా?"

"ఏంటే పిచ్చిదానా, పాట పాడుకుంది గట్టు మీద కూర్చుని చూడ్డానికా?"

"మన పెళ్ళిలో మీ నాన్న ఏం చెప్పాడో గుర్తుందా నీకు?"

"ఎందుకు లేదు. అది ఏటికి చెప్పిన మాట. ఇది సిమెంటు కాలువ."

కోపంగా అనలేదు. చేప ధర ఎందుకు పెరిగిందో బేరగాళ్ళకి చెప్పినంత మామూలుగా చెప్పాడు. చెప్పి దండ తీసి మేకుకి తగిలించాడు. నేను పాడకపోతే ఇంకెవడో పాడేవాడు, ఇప్పుడు మనింట్లోనే ఉంది కదా అని కూడా అన్నాడు. నిజంగానే తను నాకేదో మేలు చేశాననుకుంటున్నాడు. అదే నాకు ఇప్పటికీ మింగుడు పడదు. దుర్మార్గుడైతే నాలుగు తిట్టి ఊరుకుందును.

మా అత్తగారిని తలుచుకుని పొయ్యి వెలిగించలేదు. ఆయన చెప్పులేసుకుని వెళ్ళి హోటల్ నుంచి ఇడ్లీ పొట్లాలు తెచ్చాడు. నాకూ ఒకటి తెచ్చి, కారప్పొడి వేయించాను నీకు అన్నాడు. తెనాలిలో పొయ్యి ఆర్పి ఎవరిని లొంగదీస్తాం? వీధికి నాలుగు హోటళ్ళు. మర్నాడు మామూలుగా స్టవ్ వెలిగించి అన్నం వండాను.

వల వెయ్యడానికి పులస తీరు తెలిసిన మనిషి కావాలి. ఎక్కడ ఆగుతుంది, ఏ నీటికి కదులుతుంది అన్నది దిగువపల్లె కుర్రకారుకి తెలియదు, వాళ్ళు పుట్టేసరికే అది రావడం మానేసింది. మా ఆయన మా అన్నయ్యకి ఫోన్ చేశాడు. అన్నయ్య సరే బావా అన్నాడు. ఆ సంగతి అందరికంటే చివర నాకు తెలిసింది. నమ్మలేక వదినకి ఫోన్ చేశాను.

"నిజమేనమ్మాయ్," అంది. "పైకి ఏమీ రాకపోతే పడవేసుకుని ఏం చేస్తాం? మళ్ళీ బోర్లించేశాం. నేనూ కంపెనీలో అడిగాను, రమ్మన్నారు."

ఆమె గొంతులో నిష్ఠూరం వెతికాను. నా మొగుణ్ణి ఒక్క మాట అంటే నాక్కొంచెం ఊరటగా ఉండేది. అనలేదు.

ఎర్రనీరు దిగాక వెళ్ళి చూశాను. కాలువ చివరి మడుగులో, చేప ఆఖరిసారి ఆగి ఊపిరి తీసుకునే చోట, కొలత పెట్టి కుట్టించిన సంచివల ఉంది. అటూ ఇటూ వేలు దూరే సందు లేదు. ఇంజనీరుగారు కాలువ ఎంత నేర్పుగా కట్టాడో దిగువపల్లె వాళ్ళు వల అంత నేర్పుగా కుట్టించారు. మోకాళ్ళ లోతు నీళ్ళలో మా అన్నయ్య నిలబడి ఉన్నాడు. బాపట్ల సోమవారాలకి వేసుకెళ్ళిన చొక్కానే, పాతబడిపోయి ఇప్పుడు వేటకి వేసుకుంటున్నాడు. అలసిపోయిన చేప వచ్చి మడుగులో ఆగగానే వల పైకెత్తేవాడు. అది పెద్దగా కొట్టుకునేది కూడా కాదు. అన్ని మెట్లూ ఎక్కి వచ్చాక ఇంకెక్కడి సత్తువ?

నువ్వెందుకన్నయ్యా ఈ పనికి ఒప్పుకున్నావు అన్నాను. ఎవరో ఒకరు ఎత్తాల్సిందే కదమ్మా, నేనైతే కనీసం పొలుసు ఊడకుండా ఎత్తుతాను అన్నాడు. అని, మళ్ళీ వల దించాడు. గట్టు మీద రాళ్ళు కనబడితే ఏరి మా ఆయన నెత్తిన వేద్దునేమో. ఆయన తెనాలిలో ఉన్నాడు, ఐసు కొనడానికి.

అలా రేపల్లె రైల్లో పెట్టెలకి పెట్టెలు తెనాలి వచ్చాయి. అమ్మింది నేనే. చేబ్రోలు నుంచి పెళ్ళివారొకరు వచ్చి, గోదావరి దాకా పోకుండా మీ పుణ్యమా అని ఇక్కడే దొరికిందమ్మా అని దండం పెట్టి మరీ కొనుక్కెళ్ళారు. మా బల్లకి పేరొచ్చింది. మా ఆయన బల్ల మీద రంగు గొడుగు వేయించాడు.

ఒకరోజు పెట్టెలతో పాటు అన్నయ్యే వచ్చాడు. తడి గోనెపట్టాలో విడిగా చుట్టిన చేపొకటి నా చేతిలో పెట్టి, ఇది బల్ల మీద పెట్టకు, నీకు అన్నాడు. దొరికినవాటిలో మంచిది ఆడపడుచుకి ఇవ్వడం మా ఇంటి పద్ధతి. వేరేవాళ్ళ వలలో పడ్డ చేపతో ఆ పద్ధతి నడుపుతున్నాడు. ఇంటికి తెచ్చి కోశాను. కడుపునిండా గుడ్లు. గుప్పిట్లో పట్టలేనన్ని, మెత్తగా, లేత పసుపు రంగులో. చేపలు కోసి కోసి అరిగిపోయిన చెయ్యి నాది, ఎన్నో గుడ్లు తీసింది. ఆ రోజు కత్తిపీట ముందు కూర్చుని ఏడ్చాను. ఇంకొక్క మెట్టు ఉంది దానికి.

ఏడ్చి, పులుసు పెట్టాను. ఇంకేం చేస్తాను? మట్టిదాకలో, బెండకాయలు వేసి, ఆవకాయ నూనె పోసి, మా అమ్మ పెట్టినట్టే. పులస పులుసు మర్నాటికి గానీ రుచి రాదు కాబట్టి అన్నయ్యని ఆ పూట ఉంచేశాను. పొద్దున్నే ముక్కలన్నీ క్యారేజీలో సర్ది, పై గిన్నెలో గుడ్లు విడిగా పెట్టి, వదినకిమ్మని చెప్పి రైలెక్కించాను. మా ఇంట్లో ఒక్క ముక్క ఉంచలేదు. మా ఆయన అడిగితే మాడిపోయిందని చెప్పాను. ఆ ఏడు కట్ట దాటి ఎగువపల్లెకి చేరిన పులస అదొక్కటే. రైల్లో, టిఫిన్ క్యారేజీలో చేరింది.

మళ్ళీ పెట్టెలు తెచ్చినప్పుడు అన్నయ్య క్యారేజీ కూడా తెచ్చాడు. శుభ్రంగా తోమి, లోపల నాలుగు కరివేపాకు రెబ్బలు వేసి పంపింది వదిన, ఖాళీగా పంపకూడదని. తిందా అన్నాను. ముక్కలు ఇరుగుపొరుగుకి కూడా పెట్టింది, అమ్మ చేతి రుచి వచ్చిందంది అన్నాడు. పెట్టెలోంచి చేపలు తీసి ఐసు మీద సర్దుతున్నాడు, నా వైపు చూడటం లేదు.

"గుడ్లు మాత్రం తినలేదమ్మా. గిన్నె పట్టుకుని రేవులో దిగి ఏట్లో వదిలేసింది."

"ఉడికిన గుడ్లు కదన్నయ్యా. తెలీదా వదినకి?"

"తెలుసు," అన్నాడు. "పైకి రావాల్సినవే కదా, వచ్చాయి కదా అంది."